పొగ గారూ, ఈసారి ఏ రంగులో దయచేస్తారు?

మహారాజశ్రీ ఇంజన్ పొగ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. చెన్నై కాశిమేడు ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు డ్రైవర్ రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, గొట్టంలోంచి కనిపిస్తూనే ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. ఆ 61 రోజులూ హాయిగా పడుకుని, వేట మొదలయ్యే వేళకు తమరు మేలుకుంటారు. తమరి దర్శనం కాగానే జెట్టీ మీద అందరూ నిపుణులే. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా మామ, "బోర్, అదే సిలిండర్ లోపలి గోడ, అరిగిపోయిందిరా, ఇంజన్ దింపాల్సిందే" అని దూరం నుంచే తేల్చేస్తాడు. ఐసు మోసే కుర్రాడు కూడా అవునంటాడు. మెకానిక్ నోరు మెదపడు. కాగితం తీసి రింగులు, లైనర్లు, బేరింగులు అని లెక్క రాసుకుంటాడు.

మీరు నల్లగా వచ్చారనుకుందాం. పడిన డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదని మీ ఫిర్యాదు. అంతేగానీ బోర్ సంగతి మీరెక్కడా అనలేదు. ఎయిర్ ఫిల్టర్ జిడ్డు పట్టి మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజన్‌లోకి గాలి తోసే టర్బోకు మసి పట్టి ఉండొచ్చు. ఇంజెక్టర్ డీజిల్‌ను సన్నగా చిమ్మాల్సింది పోయి బొట్లు బొట్లుగా కారుస్తుండొచ్చు. ఇవేవీ కాకుండా, ప్రొపెల్లర్‌కు తెగిన వల ముక్క చుట్టుకున్నా, బోటు అడుగున గుల్లలు పేరుకున్నా కూడా మీరు నల్లబడతారు. బోటు బరువుగా లాగుతుంటే, ఇంజన్ వేగం పడిపోకుండా చూసే గవర్నర్ ఇంకా ఇంకా డీజిల్ తోస్తుంది, గాలి మాత్రం అంతకు తగ్గట్టు పెరగదు. తప్పు నీళ్ల కింద, బిల్లు ఇంజన్ రూములో! గేరు వేసి లాగినప్పుడే నల్లబడుతుంటే ముందు ఫిల్టరూ, బోటు అడుగూ చూసుకోవాలి. ఆ రెండింటికీ ఒక్క హెడ్ బోల్టు కూడా విప్పక్కర్లేదు. అందుకేనేమో, ఆ మాట ఎవరికీ రుచించదు.

నీలంగా వస్తే మాత్రం మెకానిక్ మాట వినక తప్పదు. ఇంజన్ ఆయిల్ కాలుతోందన్నమాట: రింగులో, వాల్వ్ గైడ్లో, టర్బో సీలో. అయినా ముందు ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూస్తే పోయేదేముంది? ఆయిల్ ఎక్కువైనా మీరు నీలంగానే వస్తారు. అభిమానం కొద్దీ గీత దాటించి ఆయిల్ పోసే మహానుభావులు మా జెట్టీలో తక్కువేం కాదు.

ఇక తెలుపు. నిప్పు లేనిదే పొగ రాదని మా పెద్దలు తమరిని ఎరగక అన్నారు. నిప్పు సరిగా అంటుకోకపోతేనే కదా తమరు తెల్లగా బయటికొచ్చేది! కాలని డీజిల్ అది, కళ్లు మండుతాయి. చల్లటి ఇంజన్‌కు స్టార్ట్ చేసిన కాసేపు ఇది మామూలే అంటారు. జూన్ నెల చెన్నైలో తమరికి చలేమిటి స్వామీ? ఇంజన్ వేడెక్కాక కూడా పోవడం లేదంటే కంప్రెషన్ తగ్గిందో, ఇంజెక్షన్ టైమింగ్ వెనకబడిందో, డీజిల్‌లో నీళ్లు కలిశాయో చూడాలి.

పైగా మీ వేషంలో ఆవిరి కూడా తిరుగుతోంది. అది నాలుగడుగులు పోయేసరికి గాలిలో కలిసిపోతుంది, మీరు మాత్రం వేలాడుతూనే ఉంటారు. ఎగ్జాస్ట్‌లో సముద్రపు నీళ్లు కలిపే ఇంజన్లలో కొంత ఆవిరి సహజమే. అది ఉన్నట్టుండి ఎక్కువైతే నీళ్లు సరిగా రావడం లేదేమో, నీళ్లు వడకట్టే స్ట్రెయినర్‌కు ప్లాస్టిక్ కవర్ అడ్డం పడిందేమో, పంపులో ఇంపెల్లర్ రెక్కలు ఊడాయేమో చూసుకోవాలి. కూలెంట్ తరుగుతూ ఇంజన్ ఆయిల్ పాల కాఫీ రంగుకు తిరిగితే ఇక టెన్షన్ పడాల్సిందే. అప్పుడు ఇంజన్ నడపకూడదు, ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గాస్కెట్, దగ్గర్నుంచి వెతకాలి.

మా ఓనరు గారు తమరిని చూసి, "పొమ్మనలేక పొగబెడుతోందిరా ఈ ఇంజన్" అని కొత్తదాని రేటు కనుక్కుంటున్నారు. నన్నడిగితే తమరిది అంత దురుద్దేశం కాదు, సగం చెప్పి ఊరుకునే బుద్ధి. రంగు చెప్తారు, సిలిండర్ నంబరు చెప్పరు. అందుకే ఐడిల్‌లో పెట్టి, చేతులు దూరంగా ఉంచి, ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి బిగిస్తున్నాం. వదులు చేసినంతసేపు ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు. ఏది వదిలినప్పుడు ఇంజన్ శబ్దం మారలేదో ఆ సిలిండరే దొంగ. ఇప్పటికి రెండింటికి శబ్దం మారింది, మూడోదానికి స్పానర్ వేస్తున్నాం. ఈలోగా చెప్పాలనిపిస్తే చెప్పండి.

ఇట్లు,
తమరి మసి తుడుచుకుంటూ,
ఒక బోటు డ్రైవర్