నీటికీ నూనెకీ నడుమ కాపురం పెట్టిన పాలిమర్ గారికి

మహారాజశ్రీ పాలీఇథిలీన్ ఆక్సైడ్ గారికి,
హెక్సాడెకేన్ నూనె గట్టు, నీళ్ల వైపు, తిరుపతి.

అయ్యా, నిన్న మధ్యాహ్నం మొదలైన తమరి టెన్షన్ గ్రాఫు, అంటే నూనె-నీళ్ల గట్టు మీది తలతన్యత గీత, పొద్దుగూకేదాకా దిగుతూనే ఉండింది. ఎక్కడ ఆగుతారో సెలవివ్వకముందే కరెంటు పోయింది, కొక్కెం సూది కొసన నిలిచిన నూనె బొట్టు ఊడి పైకి తేలిపోయింది.

మురికి మాదేనని అనబోకండి. గాజుసామాను యాసిడ్‌తో కడిగిందే. హెక్సాడెకేన్ మలినాలు పట్టే అల్యూమినా కాలమ్‌లోంచి దించిందే. తమరు లేని ఉత్త నీళ్లలో అదే నూనె బొట్టు అరగంట సేపు మీటరుకు 53 మిల్లీన్యూటన్ల దగ్గర కదల్లేదు. తమరు కలవగానే మొదలైంది జారుడు.

తమరి వ్యవహారం తెలియంది కాదు. తమరి అణువులన్నీ ముక్క మీద ముక్క గుచ్చిన గొలుసులే. పొట్టి గొలుసులు త్వరగా ఈదుకొచ్చి, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ముందొచ్చినోళ్లలాగా కాళ్లు చాపుకొని పడుకుంటాయి. పొడుగు గొలుసులు తర్వాత వస్తాయి. ఒక్కో ముక్క పట్టు చిన్నదే, వందల ముక్కలు ఒకేసారి ఆనితే మాత్రం ఊడదీయడం ఎవరి తరం? అందుకని పొట్టివాటిని తోసి చోటు చేసుకుంటాయి. పడుకున్నవి మెల్లగా నడుం లేపి ఉచ్చులుగా, తోకలుగా నీళ్లలోకి వేలాడతాయి. ఈ సర్దుబాటుకు గంటలు పడుతుంది. ‘జరగండి, జరగండి’ అనేవాడు అక్కడ లేడు. రాక ఒక్కటే ఆలస్యమైతే 1/√t (t అంటే గడిచిన కాలం) మీద గీత లాగి ఆఖరి విలువ పట్టేవాళ్లం. సర్దుబాటు కలిసేసరికి ఆ గీతకు అర్థమే పోయింది.

పోనీ, మైక్రోస్కోపులో ఒక్కొక్కరినీ వెంటాడదామా? గట్టు మీద జారుతూ జారుతూ, రద్దీలో రెండు మూడు ముక్కలతో వేలాడేవాడు నీళ్లలోకి దూకి ఇంకోచోట తేలతాడు. కాలాన్ని బట్టి ఎంత దూరం జారాడో చెప్పే మా 4Dt లెక్క గంగలో! నూనె వైపు చిక్కదనం నీటికి మూడింతలు పైనే, ఆ రాపిడీ కలపాల. సిరంజిలో బుడగ, సోపు జాడ, ఏసీ గాలికి వణికే టేబులు... అవి వేరే జాబులో రాస్తాం.

ఏం సామీ, మర్యాదగా అడిగితే లెక్కలేదా నీకు? ఒక్క అంకె, ఒక్కటంటే ఒక్కటి నిలబెట్టి చూపించలేవా? రేపు నీ పొట్టి గొలుసుల్ని డయాలిసిస్ సంచీలోంచి బయటికి పంపించేసి, క్యూవెట్ అనే గాజు పాత్ర‌కు మూత బిగించి, 25 డిగ్రీల దగ్గర యూపీఎస్ మీద రాత్రంతా వదిలేస్తాం. అప్పుడు కూడా దిగుతూనే ఉంటే నీ బదులు ఇంకో పాలిమర్, పీవీఏని (పాలీవినైల్ ఆల్కహాల్‌ని) పిలుస్తాం. ఆయన నీకంటే మొండోడని తెలిసే.

ఇట్లు,
బొట్టు ఆకారం చూసి టెన్షన్ కొలిచే పెండెంట్ డ్రాప్ కెమెరా ముందు కూర్చున్నవాళ్లు