అగరుబత్తీ మీద అన్నం ఉడుకుతుందా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మామూలుగా గోంగూర ఎక్కడ దొరుకుతుంది, ఊరికి కారులో ఎవరు వెళ్తున్నారు లాంటి మాటలే. పోయిన వారం మూడో అంతస్తు అంకుల్ అందులో ఒక ఫార్వర్డ్ పెట్టారు. సాయంత్రానికల్లా అదే నెల్లూరులో ఉన్న మా అమ్మకూ చేరింది. సారాంశం ఇది: బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఉండేవి మైక్రోవేవ్ ఓవెన్ తరంగాలే, మెదడును ఉడికిస్తాయి, 250 మంది సైంటిస్టులు ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాశారు, వైరున్నవాటితో చెవికి ఏ హానీ లేదు, సౌండూ వాటిదే మంచిది, జీవితాంతం వస్తాయి, పిల్లల చెవుల్లోంచి బడ్స్ పీకి పారేయండి.

ఓవెన్ మాటలో కొంచెం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, ఓవెన్ 2.45 దగ్గర. ఇంట్లో వైఫై కూడా ఆ చుట్టుపక్కలే. తేడా అంతా బలంలో ఉంది. ఓవెన్ 800 వాట్లను మూసిన పెట్టెలో వదులుతుంది. ఇయర్‌బడ్ పంపేది సాధారణంగా పది మిల్లీవాట్లు, అటూ ఇటూ. అంటే సుమారు ఎనభై వేలో వంతు. నిప్పే కదా అని అగరుబత్తీ మీద ఎసరు పెడతామా? నేరుగా చెవికి ఆనించుకున్న ఫోన్ అయితే 4జీలో 200 మిల్లీవాట్ల దాకా పంపగలదు. ఈ అంకులే రోజూ లిఫ్ట్ పక్కన నిలబడి, ఫోన్ చెవికి ఆనించి, గంటసేపు పొలం కౌలు గురించి మాట్లాడతారు. (ఆ కౌలు ఎంతో ఇప్పుడు మా బ్లాకంతటికీ తెలుసు.)

ఉత్తరం నిజంగానే ఉంది. కానీ అది మొదట వెళ్లింది 2015లో, సెల్ టవర్లు, వైఫై, ఫోన్లు అన్నిటి గురించీ కలిపి. ఆపిల్ వైరు లేని ఇయర్‌బడ్స్, అంటే ఎయిర్‌పాడ్స్, అమ్మకానికి వచ్చింది 2016 చివర్లో. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చేమో’ అనే 2బి జాబితాలో చేర్చిన మాటా నిజమే. మొత్తం ఆకు నుంచి తీసిన కలబంద సారం కూడా అదే జాబితాలో ఉంది. పరగడుపున కలబంద రసం తాగమనే ఫార్వర్డ్‌లూ ఈ గ్రూపులోనే వస్తుంటాయి.

వైరుతో చెవికి హాని లేదన్న మాట దగ్గరే నాకు అసలు కోపం. కర్ణభేరికి సౌండు వైరులో వచ్చిందా గాల్లో వచ్చిందా తెలియదు. దానికి తెలిసింది ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే నాలుగు గంటలే. మెట్రో పర్పుల్ లైన్‌లో ఎంజీ రోడ్ దాటి, కబ్బన్ పార్క్ దగ్గర రైలు భూమిలోకి దిగగానే చూడండి, రొద పెరుగుతుంది, అందరి వేళ్లూ వాల్యూమ్ మీదికి పోతాయి. నా పాత వైరు ఇయర్‌ఫోన్స్‌తో నేనూ అదే చేసేదాన్ని. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న బడ్స్ కొన్నాక పెంచాల్సిన పని రాలేదు. రైలు హోరు, బస్సు ఇంజిన్ లాంటి బొంగురు మోతను అవి బాగా తగ్గిస్తాయి, పక్క సీటు కబుర్లను అంతగా కాదు. ఆ కబుర్లు తెలుగులో ఉంటే నేనే బడ్స్ తీసేస్తాను, అది వేరే సంగతి.

సౌండు నాణ్యత గురించి పెద్దగా వాదించను. మంచి వైరు సెట్‌కు దీటుగా వినిపించాలంటే బ్లూటూత్‌కు ఇంకాస్త డబ్బు పెట్టాలి, అంతే. అయితే వైరు అసలు గొప్పతనం ఫార్వర్డ్ రాసినవాళ్లకు తట్టనే లేదు. అది మైకు. పాట వింటున్నంతసేపూ బ్లూటూత్ దారంతా పాటకే. మీటింగ్‌లో మైకు ఆన్ చేయగానే మామూలు సెట్లు రెండు వైపులకూ సరిపోయే కాల్ మోడ్‌లోకి దిగిపోతాయి, గొంతు సన్నబడుతుంది. బకెట్‌లోంచి మాట్లాడుతున్నట్టుందని మా మేనేజర్ మూడుసార్లు అన్నాక ఎస్పీ రోడ్‌లో ఐదు వందలు పెట్టి వైరు హెడ్‌సెట్ తెచ్చుకున్నాను. మళ్లీ ఆ మాట రాలేదు. గేమ్స్ ఆడేవాళ్లకు, కీబోర్డ్ వాయించేవాళ్లకు కూడా వైరే నయం, బ్లూటూత్‌లో సౌండు సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు ఆలస్యంగా వస్తుంది.

జీవితాంతం మాత్రం రావు. పిన్ను మెడ దగ్గర తీగ తెగి ఒక చెవి మూగబోయిన సెట్లు మా డ్రాయర్‌లో నాలుగున్నాయి. ఒకటి మెజెస్టిక్‌లో రైలు మారుతుంటే ఎవరి బ్యాగు జిప్పుకో తగులుకుని పోయింది. ఇప్పుడు చాలా ఫోన్లలో ఆ గుండ్రటి రంధ్రమూ లేదు, చార్జింగ్ రంధ్రంలోనే వైరు పెడితే చార్జింగ్‌కు చోటుండదు. బడ్స్ బాధ వేరు. చిన్న బ్యాటరీ, రెండు మూడేళ్లలో బలం తగ్గుతుంది, చాలావాటిలో మార్చడం కుదరదు.

ఇక పీకి పారేయడం సంగతి. అంకుల్, పారేయాలనే అనుకుంటే పొడి చెత్త సంచిలో మాత్రం వేయకండి. లోపల లిథియం బ్యాటరీ ఉంది, నలిగితే నిప్పంటుకోవచ్చు. విడిగా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. అంతకన్నా ముందు మనవడి ఫోన్‌లో వాల్యూమ్ ఎంతలో ఉందో ఒకసారి చూడండి.