రచ్చ గెలిచి ఇంట ఓడిన బైటు

పాత కంప్యూటర్‌కి ఫాస్ట్ మోడెమ్ (ఫోన్ లైన్ మీద డేటా పంపే డబ్బా) తగిలించడం నేరంగా ప్రకటించాలని అప్పట్లోనే మొత్తుకున్నా, ఎవరూ వినలేదు. 1994లో మోడెమ్‌లకి వి.34 స్టాండర్డ్ వచ్చి సెకనుకి 28,800 బిట్లు అన్నారో లేదో, జనం అప్పటిదాకా బుద్ధిగా పనిచేసుకుంటున్న 486 ప్రాసెసర్ కంప్యూటర్ల పక్కన లైట్లు మెరిసే ఎక్స్‌టర్నల్ మోడెమ్‌లు తెచ్చి పెట్టేశారు, తీరా డౌన్‌లోడ్ మధ్యలో సీఆర్‌సీ ఎర్రర్లు (వచ్చిన డేటా చెడిందనే కబుర్లు) వరసపెట్టి పడుతుంటే లైన్‌మ్యాన్‌ని పిలిచి తిట్టారు. అతను స్తంభం ఎక్కి దిగి "లైన్ బానే ఉందండీ" అన్నాడు. నిజంగానే బానే ఉంది, నమ్మినవాడే లేడు.

ఫోన్ లైన్ మీద వెళ్లే డేటాకి వి.42 ఎర్రర్ కరెక్షన్ ఉంది కదా. దార్లో ఏదన్నా చెడితే మోడెమ్‌లు రెండూ తేల్చుకుని మళ్లీ పంపించుకుంటాయి. అలా సముద్రాలు దాటి క్షేమంగా మోడెమ్ దాకా వచ్చిన బైటు, ఆ మిగిలిన గజం కేబుల్ కూడా దాటేసి, మన సీరియల్ పోర్టు (కంప్యూటర్‌కి మోడెమ్ కేబుల్ తగిలించే చోటు) గుమ్మంలో ప్రాణం వదిలేస్తుంది.

ఆ గుమ్మంలో కూర్చున్న గుమాస్తా పేరు 8250, అంటే సీరియల్ పోర్టుని నడిపే చిప్. 1981లో ఐబీఎం పీసీతో పాటు డ్యూటీలో చేరాడు, తర్వాత 16450 అని హోదా పెంచారు గానీ టేబుల్ మాత్రం అదే, దాని మీద ఒక్క ఫైలే పడుతుంది, అనగా ఒక్క బైటు. రెండోది వచ్చేలోపు ప్రాసెసర్ గారు వచ్చి మొదటిది పట్టుకెళ్లకపోతే అది గల్లంతు. మోడెమ్ డేటాని కుదించి పంపే కంప్రెషన్ లాభం పూర్తిగా రావాలంటే పోర్టుని సెకనుకి 115200 బిట్లలో పెట్టమంటారు, అంటే (స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకి పది బిట్లు) సెకనుకి 11,520 బైట్లు, ఒక్కోదానికి మధ్య 87 మైక్రోసెకన్లు. సరిగ్గా ఆ టైంకి ప్రాసెసర్ గారు ఇంటరప్టులన్నీ (పని మధ్యలో వచ్చే పిలుపులు) ఆపేసి హార్డ్ డిస్క్‌తో మంతనాల్లో ఉంటారు. ఏం మంతనాలు? ఇందాక వచ్చిన డేటాని భద్రంగా సేవ్ చేయడం! పోనీ గుమాస్తా కంప్లయింట్ రాయడా అంటే రాస్తాడు, లైన్ స్టేటస్ రిజిస్టర్‌లో ఓవర్‌రన్ (బైటు గల్లంతైంది) బిట్టు పెడతాడు, చదివే నాథుడుంటే కదా.

తెలిసినవాళ్లు ఎక్సాన్-ఎక్సాఫ్ (ఆగు, పంపు అన్న మాటని డేటా మధ్యలోనే చెప్పే పద్ధతి) తీసేసి ఆర్‌టీఎస్-సీటీఎస్ (అదే మాట విడి తీగల మీద చెప్పే పద్ధతి) పెట్టమంటారు. పెట్టండి, కాదనను. కానీ అది సాఫ్ట్‌వేర్ బఫర్ (వచ్చిన డేటాని కాసేపు దాచే చోటు) నిండబోతుంటే మోడెమ్‌ని ఆగమని చెప్పే ఏర్పాటు, ఇక్కడ బైటు బఫర్ దాకా చేరితేగా ఆపడానికి.

అసలు మందు 16550ఏ చిప్, 16 బైట్లని వరసలో నిలబెట్టుకునే ఫిఫో ఉంటుంది. (చివర ఏ లేని తొలి 16550లో కూడా ఫిఫో ఉంది, వాడితే మాత్రం తేడా కొడుతుంది, అంతవరకు అలంకారం.) అదృష్టం బాగుండి కార్డు మీద పాత చిప్ సాకెట్‌లో ఉంటే పీకి దీన్ని పెట్టొచ్చు, కాళ్లు సరిపోతాయి. మల్టీ ఐఓ కార్డులో (పోర్టులన్నీ ఒకే చోట ఉండే కార్డు) అన్నీ కలిపి ఒకే చిప్‌లో దించేసి ఉంటే ఇంకో కార్డు కొనుక్కోవడమే. ఏ చిప్పుందో డాస్‌లో ఎంఎస్‌డీ (మైక్రోసాఫ్ట్ డయాగ్నొస్టిక్స్) కొడితే చెబుతుంది, విండోస్ 3.1 వాళ్లు సిస్టమ్ ఐఎన్‌ఐ ఫైల్లో ఫిఫో ఆన్ అయిందో లేదో కూడా చూసుకోవాలి. ఇంతకీ ఇంటర్నల్ మోడెమ్ కొన్నవాళ్లలో చాలామందికి ఈ గోలే లేదు, 16550 లాంటిది మోడెమ్ కార్డు మీదే వచ్చేది. లైట్ల కోసం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినవాడికే ఈ శిక్ష.

విండోస్ 95లో ఇంకా ముచ్చట. పోర్టు సెట్టింగ్స్‌లో ఫిఫోకి స్లైడర్ పెట్టి, కనెక్షన్ సరిగ్గా ఉండాలంటే తగ్గించుకో, స్పీడ్ కావాలంటే పెంచుకో అని రాశారు. నిర్ణయం వినియోగదారుడి మనస్సాక్షికి వదిలేశారన్నమాట.

పైసా ఖర్చు వద్దనుకునే వాళ్లకి నా అధికారిక సలహా ఒకటే, పోర్టు స్పీడు 19200కి దించెయ్యండి. ఎర్రర్లు దాదాపు పోతాయి. మోడెమ్ డబ్బా మీద 28.8 అన్న స్టిక్కరు మాత్రం ఇంటికొచ్చినవాళ్లకి కనబడేట్టు తిప్పి పెట్టుకోండి.