వార్డు మొహం చూసినవాళ్లు బోర్డులో ఎందరు?

మీ ఊరి ఆసుపత్రి ట్రస్టు వార్షిక నివేదిక ఎప్పుడైనా తెరిచి చూశారా? ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ (ఎన్‌హెచ్‌ఎస్) ఆసుపత్రులను కొంత స్వతంత్రంగా నడిపే ప్రతి ఫౌండేషన్ ట్రస్టూ ఏటా ఒకటి తెస్తుంది, వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. లెక్కల సంగతి అలా ఉంచి, బోర్డులోకి బయటినుంచి వచ్చిన డైరెక్టర్ల ఫొటోలూ ఒక్కొక్కరి గురించి నాలుగైదు వాక్యాలూ ఉండే పేజీలకు వెళ్లండి. ఈ మధ్య తీరిక దొరికి మా చుట్టుపక్కల ట్రస్టులవి వరసపెట్టి చదివాను. ఒకాయన బ్యాంకులో పెద్ద హోదాలో చేసి రిటైరయ్యారు. ఒకావిడ పేరున్న ఆడిట్ సంస్థలో పార్ట్‌నర్. ఒకరు లాయరు. ఒకరు సూపర్‌మార్కెట్ కంపెనీలో సరుకు రవాణా చూసినవారు. ఇంకొకరు మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్, అంటే రోజూ ఏం చేసేవారో ఎంత చదివినా నాకు అర్థం కాలేదు. వార్డులో డ్యూటీ చేసినవాళ్లు ఒకరుంటే ఉన్నారు, కొన్నిచోట్ల ఆ ఒక్కరూ లేరు.

వీళ్లంతా పనికిరానివాళ్లని నేననడం లేదు. నా అభ్యంతరం ఒక్క చోటే. అదేమిటో చెప్పాలంటే ముందు బోర్డు ఎలా ఏర్పడుతుందో చూడాలి.

బోర్డులో రెండు రకాలవాళ్లుంటారు. ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లు ట్రస్టులో జీతం తీసుకుంటూ రోజూ పనిచేసేవాళ్లు. 2006 నాటి ఎన్‌హెచ్‌ఎస్ చట్టం ప్రకారం వీళ్లలో చీఫ్ ఎగ్జిక్యూటివ్, ఫైనాన్స్ డైరెక్టర్ ఉండాలి. ఒక డాక్టరో డెంటిస్టో, ఒక నర్సో మిడ్‌వైఫో కూడా ఉండి తీరాలి. రెండో రకం నాన్-ఎగ్జిక్యూటివ్‌లు, బయటివాళ్లు. నెలకు రెండు మూడు రోజులు కేటాయించి లోపలివాళ్లను నిలదీయడమే వీళ్ల పని. చైర్ కూడా ఈ బయటివాళ్లలో ఒకరే. వీళ్ల విషయంలో చట్టం అడిగేది చాలా తక్కువ. ఆ ప్రాంతపు మనిషై ట్రస్టులో సభ్యత్వం ఉంటే చాలు. మెడికల్ కాలేజీతో ముడిపడిన ట్రస్టయితే యూనివర్సిటీ తరఫున ఒకరు రావచ్చు. ఎవరు ఏం చదివారు, ఏ ఉద్యోగం చేశారు అన్నది చట్టానికి పట్టదు.

చట్టానికి పట్టకపోయినా, ట్రస్టుల పాలనా నియమావళి ఒక్క విషయంలో పట్టించుకుంది. ఆడిట్ కమిటీలో కనీసం ఒకరికి ఆర్థిక వ్యవహారాల్లో ఇటీవలి అనుభవం ఉండాలి అంటుంది. మంచి నియమం. ఫైనాన్స్ డైరెక్టర్ ఒక స్లైడ్ వేసి "ఈ లోటు తాత్కాలికమే" అంటే, ఎదురుగా కూర్చున్న మాజీ ఆడిటర్ "ఏ పద్దులో తాత్కాలికం, ఎప్పటిదాకా తాత్కాలికం?" అని పట్టుకుంటారు. చికిత్స ఎలా సాగుతోందో చూసే క్వాలిటీ కమిటీకి ఇలాంటి నియమం లేదు. అక్కడ మెడికల్ డైరెక్టర్ "ఈ అంకె చూసి కంగారు పడక్కర్లేదు" అంటే, బ్యాంకు నుంచి వచ్చినాయన తలూపడం తప్ప ఏం చేయగలరు? చాలా ట్రస్టులు ఈమధ్య తమంతట తామే ఒక రిటైర్డ్ డాక్టరునో నర్సునో బయటివాళ్ల వైపు తెచ్చుకుంటున్నాయి. సంతోషమే. కానీ అది వాళ్ల మంచితనం మీద ఆధారపడింది, నియమం మీద కాదు. నా అభ్యంతరం ఇదీ.

స్టాఫర్డ్ పేరు ఇంగ్లండులో చాలాకాలంగా ఉంటున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2007 ఏప్రిల్‌లో డాక్టర్ ఫాస్టర్ అనే సంస్థ ఆసుపత్రుల మరణాల పోలిక ప్రకటిస్తే, స్టాఫర్డ్ ఆసుపత్రిని నడిపే మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్టుకు 127 వచ్చింది. ఈ పద్ధతిలో 100 అంటే మామూలుగా ఊహించినన్ని మరణాలు. 127 అంటే ఊహించిన దానికంటే నూటికి ఇరవై ఏడు ఎక్కువ. ట్రస్టు చెప్పుకున్న కారణం కోడింగ్ లోపం. రోగుల జబ్బులను కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు కోడ్‌లు సరిగ్గా వేయలేదు కాబట్టి అంకె పెరిగింది, వైద్యంలో లోపం లేదు అని.

ఈ వివరణ వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. జీవితమంతా ఖాతాలు చూసినవాళ్లకు తప్పు ఎంట్రీ కొత్త సంగతేం కాదు. దిద్దితే మొత్తం సరిపోతుంది. ఇదే మాట ముప్పయ్యేళ్లు మెడికల్ వార్డు నడిపిన ఒక సిస్టర్ ముందు అనుంటే? "సరే, కోడింగే అనుకుందాం. పోయిన నెల చనిపోయినవాళ్లలో ఓ ఇరవై మంది కేస్ షీట్లు తెప్పించండి. ఆ రాత్రుళ్ల డ్యూటీ రోస్టర్లు కూడా" అని ఉండేది. ఎనభయ్యేళ్ల మనిషికి ఎన్ని నీళ్లు పట్టారో రాసే ఫ్లూయిడ్ చార్టు మధ్యాహ్నం నుంచి ఖాళీగా ఉంటే, ఏ కోడ్ తప్పడం వల్ల ఖాళీ అయిందో ఎవరో ఒకరు ఆవిడకు చెప్పాల్సి వచ్చేది.

లోపల ఏం జరుగుతోందో 2009 మార్చిలో అప్పటి ఆసుపత్రుల తనిఖీ సంస్థ హెల్త్‌కేర్ కమిషన్ బయటపెట్టింది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను మొదట చూసి, ఎవరి పరిస్థితి ఏమిటో అంచనా వేసింది వైద్యశిక్షణ లేని రిసెప్షనిస్టులు. వార్డుల్లో నర్సులు చాలరు. 2006–07లో కోటి పౌండ్లు మిగల్చాలని ట్రస్టు ఉద్యోగాలకు కోత పెట్టింది. ఫౌండేషన్ హోదా కావాలన్న తొందర ఒకటి. 2008 ఫిబ్రవరిలో, ఇవన్నీ నడుస్తుండగానే, ఆ హోదా వచ్చింది కూడా! అక్కడ తల్లిని పోగొట్టుకున్న జూలీ బెయిలీ, ఆమెలాంటి మరికొన్ని కుటుంబాలు వెంటపడితే తప్ప పూర్తిస్థాయి విచారణ జరగలేదు. ఆ విచారణ జరిపిన రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013 ఫిబ్రవరి 6న ఇచ్చిన నివేదికలో 290 సిఫారసులున్నాయి. బోర్డు రోగుల మాటా వినలేదు, సిబ్బంది మాటా వినలేదు అన్నది ఆయన తేల్చిన మొదటి సంగతుల్లో ఒకటి. "మాది వ్యూహం చూసే పని, వార్డు సంగతులు రోజువారీ నిర్వహణ" అనే ధోరణి బయటి డైరెక్టర్లను వార్డుకు ఎంత దూరం చేసిందో అందులో చదువుతుంటే ఒళ్లు మండుతుంది.

అయితే డాక్టర్లను కూర్చోబెడితే చాలు కదా అంటారా? బ్రిస్టల్ సంగతి వినండి. 1990ల్లో అక్కడి రాయల్ ఇన్‌ఫర్మరీలో పసిపిల్లల గుండె ఆపరేషన్లు వికటిస్తున్నాయి. ట్రస్టు చీఫ్ ఎగ్జిక్యూటివ్ జాన్ రాయ్‌లన్స్ స్వయానా డాక్టరే, రేడియాలజిస్టు. కొంతకాలం మెడికల్ డైరెక్టరుగా ఉన్న జేమ్స్ విషార్ట్ అయితే ఆ ఆపరేషన్లు చేసే ఇద్దరు సర్జన్లలో ఒకరు! మత్తుమందు డాక్టరు స్టీఫెన్ బోల్సిన్ అంకెలు పోగేసి ఆందోళన చెబితే, అది చివరికి చేరాల్సింది ఎవరి బల్ల మీదికి? 1991–95 మధ్య ఏడాదిలోపు పిల్లల్లో మామూలు కంటే 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని 2001లో వచ్చిన కెన్నడీ నివేదిక లెక్కగట్టింది. 1998లో జనరల్ మెడికల్ కౌన్సిల్ రాయ్‌లన్స్, విషార్ట్ ఇద్దరి పేర్లూ రిజిస్టరు నుంచి తీసేసింది. రాయ్‌లన్స్ అప్పట్లో ఇలాంటి అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. ఆ పదవిలో తాను చేసింది పాలన, వైద్యం కాదన్నది ఆయన వాదన. ఒప్పుకోలేదు.

అంటే బ్రిస్టల్లో బోర్డుకు వైద్యం తెలియక కాదు. తెలిసినవాళ్లంతా లోపలివాళ్లు. పని తమదైనప్పుడు దాన్ని తామే తూచుకోవడం ఎవరి వల్లా కాదు. చట్టం డాక్టరుకూ నర్సుకూ కుర్చీలు వేసింది కూడా ఆ లోపలి వరసలోనే, చీఫ్ ఎగ్జిక్యూటివ్ పక్కన, ఆయన కింద జీతం తీసుకునేవాళ్లుగా.

స్కాట్లండులో ఈ ఆలోచన ముందే చేశారు. అక్కడ హెల్త్ బోర్డుల్లో ఏరియా క్లినికల్ ఫోరమ్ (ఆ ప్రాంతపు డాక్టర్లు, నర్సులు వగైరాల సలహా వేదిక) చైర్‌కు నాన్-ఎగ్జిక్యూటివ్ వైపే స్థానం ఉంటుంది, సిబ్బంది తరఫున ఇంకొకరికి కూడా. వేల్సులో స్వతంత్ర సభ్యుల్లో కార్మిక సంఘం మనిషి, యూనివర్సిటీ మనిషి, స్థానిక కౌన్సిల్ మనిషి, స్వచ్ఛంద సంస్థ మనిషి అని ముందే రాసిపెట్టారు. దాంతో అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. కానీ ఇంగ్లండులో ఇలా చేయడం అసాధ్యం అనే మాట మాత్రం చెల్లదు.

పరిశోధనలూ కొంత ఇటే మొగ్గుతున్నాయి. 2013లో ఇంగ్లండు ట్రస్టుల మీద అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం బోర్డుల్లో వైద్యరంగం నుంచి వచ్చినవాళ్లు సుమారు నాలుగోవంతే. డాక్టర్లు ఎక్కువున్నచోట నాణ్యత రేటింగులు మెరుగ్గా ఉన్నాయి. డాక్టర్లుండటం వల్లే ఆసుపత్రి బాగుందా, బాగున్న ఆసుపత్రులకే అలాంటివాళ్లు వస్తారా అన్నది దాంతో తేలిపోదు. నేను కూడా దాన్ని పట్టుకుని వాదించను.

వ్యాపార రంగంవాళ్లు ఇంతమంది ఎలా వచ్చారన్నదానికి చరిత్ర ఉంది. 1983లో థాచర్ ప్రభుత్వం అడిగితే సెయిన్స్‌బరీస్ సంస్థకు చెందిన రాయ్ గ్రిఫిత్స్ ఆసుపత్రులు చూసి, ఇక్కడ బాధ్యుడెవరో తెలియడం లేదన్నారు. ఆయన అన్నదాంట్లో నిజముంది. 1991లో ట్రస్టులు మొదలయ్యేసరికి కంపెనీ తరహా బోర్డులొచ్చాయి. ఇప్పుడు నాన్-ఎగ్జిక్యూటివ్ ఉద్యోగ ప్రకటనలు చూడండి, "పెద్ద సంస్థలో బోర్డు స్థాయి అనుభవం" అనే మాట తరచుగా కనిపిస్తుంది. ముప్పయ్యేళ్లు వార్డు నడిపిన సిస్టర్‌కు అదెక్కడిది? 2019 నాటి మార్గదర్శకం ఈ పదవికి ఏడాదికి 13,000 పౌండ్లు అని పెట్టింది. పింఛను దండిగా ఉన్న రిటైర్డ్ బ్యాంకరుకు అది పాకెట్ మనీ. షిఫ్టులు చేసే ఫిజియోథెరపిస్టు నెలకు మూడు పగళ్లు ఎలా తీస్తుంది?

ఒక ట్రస్టు బోర్డు మీటింగుకి ప్రేక్షకుడిగా వెళ్లాను. 2012 చట్టం వచ్చాక ఫౌండేషన్ ట్రస్టులవి కూడా బహిరంగంగానే జరగాలి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మొదటి అంశం రోగి అనుభవం. ఒకావిడ తన తల్లిని రాత్రి పొద్దుపోయాక డిశ్చార్జి చేసి పంపేసిన సంగతి చెప్పింది. అందరూ బాధగా విన్నారు, ధన్యవాదాలు చెప్పారు, చైర్ తర్వాతి అంశానికి వెళ్లబోతున్నారు. అంతలో బయటివాళ్లలో ఒకావిడ, ఒకప్పుడు ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే డిస్ట్రిక్ట్ నర్సట, "ఆ టైముకు ఫార్మసీ మూసి ఉంటుంది కదా, మరి ఇంటికి తీసుకెళ్లే మందులు ఎవరిచ్చారు?" అని అడిగింది. మెడికల్ డైరెక్టర్, నర్సింగ్ డైరెక్టర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందులు ఇవ్వనే లేదు! ఆ ఒక్క ప్రశ్న మీద పావుగంట చర్చ నడిచింది.

ఇప్పుడు ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ల సంగతి. 2014లో రోజర్ క్లైన్ లండన్ ట్రస్టుల మీద చేసిన అధ్యయనంలో, సిబ్బందిలో 41 శాతం శ్వేతేతరులైతే బోర్డుల్లో వాళ్లు 8 శాతమే. తర్వాత కొంత మెరుగైంది. 2023 నాటికి ఇంగ్లండు మొత్తం మీద సిబ్బందిలో నాలుగోవంతు దాటితే, బోర్డుల్లో దాదాపు ఆరోవంతుకు వచ్చారు. సంతోషించాల్సిందే. కానీ మనవాళ్లయినా సరే, వచ్చినాయన ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరైతే నా సమస్య అక్కడే ఉంది. మన బ్యాంకరుకు మాత్రం ఫ్లూయిడ్ చార్టు చదవడం వస్తుందా?

మనవాళ్లలో ఈ పనికి సరిగ్గా సరిపోయేవాళ్లు ఇంకెక్కడో లేరు. గుంటూరు, విశాఖ, కాకినాడ, కర్నూలు, ఉస్మానియా కాలేజీల్లో చదివి 1970, 80ల్లో వచ్చిన డాక్టర్లు ఇప్పుడు రిటైరై మనవల్ని ఆడిస్తున్నారు. ఆ రోజుల్లో మన దేశాల నుంచి వచ్చినవాళ్లకు పేరున్న విభాగాల్లో చోటు దొరకడం కష్టం. చాలామంది ముసలివాళ్ల వార్డుల్లో, మానసిక వైద్యంలో, పాత గనుల ఊళ్లలో జీపీలుగా (ఊరి కుటుంబ వైద్యులుగా) స్థిరపడ్డారు. స్టాఫర్డ్‌లో ఎక్కువగా నష్టపోయింది ఎవరు? గట్టిగా అడగలేని ముసలివాళ్లే. ఆ రోగుల్ని జీవితమంతా చూసినవాళ్లను మనం ఉగాదికి వేదికెక్కించి శాలువా కప్పి పంపేస్తాం. సభలో ఒక డాక్టరుగారితో ఈ మాటంటే "ఈ వయసులో ఆ టెన్షన్ నాకెందుకయ్యా" అన్నారు. ఆయన అన్నదీ నిజమే గానీ, ఆ బోర్డుల్లో ఆయన వయసువాళ్లు, రిటైరైన లాయర్లూ ఆడిటర్లూ, బోలెడంత మంది టెన్షన్ పడుతూనే ఉన్నారండీ.

ఫౌండేషన్ ట్రస్టులో సభ్యత్వానికి డబ్బు కట్టక్కర్లేదు, చాలాచోట్ల పదహారేళ్లు నిండితే చాలు. సభ్యులు గవర్నర్లను ఎన్నుకుంటారు. బయటి డైరెక్టర్లను నియమించేదీ, నాలుగింట మూడు వంతుల మద్దతుతో తీసేయగలిగేదీ ఆ గవర్నర్లే. ఆ దారి కూడా ఎంతకాలం ఉంటుందో చూడాలి. 2025 జూలైలో ప్రభుత్వం ప్రకటించిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో, ట్రస్టులకు గవర్నర్లు తప్పనిసరి అనే నియమం తీసేస్తామన్నారు. అది జరిగాక ఊరి జనానికి బోర్డు ఎంపికలో ఉన్న ఆ కాస్త మాటా పోతుంది. అందుకే క్వాలిటీ కమిటీలో కనీసం ఒకరు ఇటీవలి దాకా రోగుల్ని చూసిన బయటి మనిషి అయి ఉండాలన్న నియమం, ఆడిట్ కమిటీకి ఉన్నట్టే, అంతకుముందే రాయించుకోవాలి. మన తెలుగు సంఘం తరఫున మన ఎంపీలకు పంపే వినతుల్లో వీసాల పక్కన ఇదొకటి చేరిస్తే పోయేదేం లేదు.

సాధారణంగా శరదృతువు దగ్గరపడేసరికి ట్రస్టుల వార్షిక సభ్యుల సమావేశాలు జరుగుతాయి, ప్రశ్నలకు సమయం ఇస్తారు. వెళ్లి అడగండి. క్వాలిటీ కమిటీ చైర్ ఎవరు, ఈ పదవికి ముందు ఏ ఉద్యోగం చేశారు, కమిటీలో మెడికల్ డైరెక్టర్ కాకుండా కేస్ షీట్ చదవగలిగేవాళ్లు ఇంకెవరున్నారు? వచ్చిన జవాబు సంపాదకులకు పంపితే, ఏ ఊళ్లో పరిస్థితి ఎలా ఉందో వచ్చే సంచికలో పక్కపక్కన పెట్టి చూద్దాం.