డిపాజిట్ రద్దు చేసే ముందు ఒక్క రోజు

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడి సొమ్మయినా, డాక్టరు సొమ్మయినా, బ్యాంకు ఉద్యోగి సొమ్మయినా చాలా వరకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉంటుంది. గ్రాట్యుటీ, పీఎఫ్, పెన్షన్ కమ్యుటేషన్ కింద వచ్చిన మొత్తం, ఊళ్లో పొలం అమ్మితే వచ్చినది, అన్నీ అక్కడే చేరతాయి. వడ్డీతో మందులు కొనుక్కుంటారు, గడువు తీరగానే రెన్యువల్ చేయిస్తారు, అసలు జోలికి మాత్రం వెళ్లరు. ఇలాంటి డబ్బును బయటి దొంగ నేరుగా కాజేయడం కష్టం. అందుకే కొన్నేళ్లుగా ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో, పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరిస్తూ సాగుతున్న మోసంలో దొంగ దేన్నీ తన చేత్తో తాకడు. డిపాజిట్‌ను గడువుకు ముందే రద్దు చేయించడం, పెద్ద మొత్తాన్ని వెంటనే మరో ఖాతాకు పంపే ఆర్టీజీఎస్ ఫారం నింపించడం, దాని మీద సంతకం పెట్టించడం, అన్నీ ఆ వృద్ధుడి చేతే చేయిస్తాడు. చాలా సందర్భాల్లో ఈ దోపిడీ బ్యాంకు కౌంటరు మీదుగానే నడుస్తోందన్న సంగతి మీద జరగవలసినంత చర్చ జరగడం లేదు.

డిజిటల్ అరెస్ట్, దానికి సంబంధించిన నేరాల లెక్కలను కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి బండి సంజయ్ 2025 మార్చిలో రాజ్యసభకు తెలిపారు. 2022లో 39,925 ఫిర్యాదులు రాగా 2024లో 1,23,672 వచ్చాయి. పోయిన సొమ్ము రూ.91 కోట్ల నుంచి రూ.1,935 కోట్లకు చేరింది. ఫిర్యాదులు మూడు రెట్లయితే నష్టం ఇరవై ఒక్క రెట్లయింది. సగటున చూస్తే 2022లో ఒక్కో ఫిర్యాదుకు ఇరవై మూడు వేల రూపాయలు పోగా, రెండేళ్లు తిరిగేసరికి అది లక్షా యాభై ఆరు వేలయింది. చేతిఖర్చు డబ్బు దోచుకునే దశ దాటి, జీవితకాలపు పొదుపు ఉన్నవారిని వెతుక్కుంటూ నేరం వచ్చిందని ఈ అంకెలను బట్టి నాకనిపిస్తోంది.

మోసం నడిచే తీరు ఇప్పుడు చాలామందికి తెలిసిందే. మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో మనీలాండరింగ్ జరిగిందనో ముందు ఒక ఫోన్ వస్తుంది. ఆ తర్వాత ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి వీడియో కాల్‌లోకి వస్తాడు. సీబీఐ, ఈడీ ముద్రలున్న కాగితాలు వాట్సాప్‌లో దిగుతాయి. వర్ధమాన్ గ్రూప్ ఛైర్మన్ ఎస్.పి.ఓస్వాల్‌ను 2024లో ఏకంగా నకిలీ సుప్రీంకోర్టు విచారణలో కూర్చోబెట్టి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి పేరు చెప్పుకొని రూ.7 కోట్లు కాజేశారు. అయితే ఈ నాటకంలో యూనిఫాం కంటే, ముద్రల కంటే బలమైన ఆయుధం మరొకటి ఉంది. ‘ఈ విషయం ఎవరికైనా చెబితే వాళ్లనూ అరెస్టు చేస్తాం’ అనే బెదిరింపే అది. కెమెరా ఆపకూడదు, తలుపు తీయకూడదు, పిల్లలు ఫోన్ చేస్తే మామూలుగా మాట్లాడి పెట్టేయాలి. ఒక్క మాట బయటికి పొక్కినా నాటకం కూలిపోతుందని వాళ్లకు బాగా తెలుసు.

ఇలా మోసపోయిన పెద్దలను అమాయకులనో, ఆశపోతులనో అనడం అన్యాయం. అధిక లాభాలకు ఆశపడి పెట్టుబడి పెట్టే మోసాలు వేరు. ఇక్కడ ఎర ఆశ కాదు, చట్టం పట్ల ఉన్న గౌరవం. ప్రభుత్వ ముద్ర ఉన్న ఉత్తరం ఇంటికి వస్తే లేచి నిలబడి అందుకున్న తరం ఇది. ముప్ఫై, నలభై ఏళ్లు ఉద్యోగం చేసి, ఒక్కసారైనా పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కకుండా బతికామన్నది వాళ్లకు గర్వకారణం. ఆ గర్వాన్నే వాళ్ల మీదికి తిప్పుతున్నారు. దానికి ఒంటరితనం తోడవుతోంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడగా హైదరాబాద్, విజయవాడ, గుంటూరు అపార్టుమెంట్లలో ఇద్దరే మిగిలిన ఇళ్లకు, లేదా ఒక్కరే మిగిలిన ఇళ్లకు, లెక్క లేదు. ఉదయం పది గంటలకు ఇక్కడ బెదిరింపు కాల్ వచ్చే వేళకు న్యూయార్క్‌లో అర్ధరాత్రి అవుతుంటుంది. 2025 సెప్టెంబరులో హైదరాబాద్‌కు చెందిన ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలు దాదాపు మూడు రోజులు ఈ నిర్బంధంలో గడిపి, ఆరు లక్షలకు పైగా పోగొట్టుకుని, గుండెపోటుతో మరణించారు. జీవితమంతా రోగుల గుండె చప్పుడు విన్న మనిషి, తన భయాన్ని పక్కవారికి చెప్పుకోలేని స్థితిలో వెళ్లిపోయారు.

నిజానికి మన చట్టం వృద్ధుల విషయంలో ఎంతో మర్యాద పాటిస్తుంది. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 179వ సెక్షన్ ప్రకారం అరవై ఏళ్లు దాటిన పురుషుడిని, ఏ వయసు మహిళనైనా సాక్షిగా విచారించాలంటే పోలీసులే వారుండే చోటికి వెళ్లాలి. 35వ సెక్షన్ కింద ఇచ్చే హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. వీడియో కాల్‌లో అరెస్టు అనేది అసలు చట్టంలోనే లేదు. ఈ సంగతులు ప్రతి ఇంట్లో తెలియాలి. కానీ తెలిస్తే చాలునని నేను అనుకోవడం లేదు. 2024 అక్టోబరులో ‘మన్ కీ బాత్’లో ప్రధాని స్వయంగా హెచ్చరించిన తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక శాసనసభ్యుడు కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నారు. భయంతో వణుకుతున్న మనిషికి నిన్న పేపర్లో చదివింది గుర్తు రాదు. జాగ్రత్త బాధ్యత మొత్తాన్నీ బాధితుడి మీదే పెట్టిన ప్రచారం అక్కడే ఆగిపోతుంది.

డబ్బు కదిలే వేగం కూడా దొంగకే కలిసివస్తోంది. 2020 డిసెంబరు 14 నుంచి ఆర్టీజీఎస్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. వ్యాపారానికి మేలు చేసిన ఆ వేగంతోనే వృద్ధుడి సొమ్ము నిమిషాల్లో పదుల కొద్దీ మ్యూల్ ఖాతాల్లోకి, అంటే మోసగాళ్లు వాడుకునే ఇతరుల ఖాతాల్లోకి, చీలిపోతుంది. కమీషన్‌కు ఆశపడి ఆ ఖాతాలను అద్దెకిచ్చేవారు మన మధ్యే ఉన్నారు. ఫోన్‌లో మాట్లాడేవారిలోనూ మనవాళ్లు ఉండవచ్చు. ఉద్యోగాల పేరుతో కంబోడియా తీసుకెళ్లి సైబర్ నేరాల ముఠాల చేతుల్లో పెట్టిన యువకుల గురించి విశాఖపట్నం పోలీసులు 2024 మేలో బయటపెట్టినప్పుడే ఇది తేలింది.

మరి ఈ నష్టం ఎవరు భరించాలి? రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకే రక్షణ కల్పించింది. కణతకు తుపాకీ గురిపెట్టినంత భయంలో పెట్టిన సంతకం కూడా ఆ లెక్కన అనుమతే. బ్రిటన్ ఈ తర్కాన్ని వదిలేసింది. 2024 అక్టోబరు 7 నుంచి అక్కడ ఇలా మోసపోయినవారికి 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగి చెల్లించాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం భరిస్తాయి. మోసగాడి ఖాతా తెరిచిన బ్యాంకుకు కూడా జేబు చిల్లుపడుతుంది కనుక ఖాతాలిచ్చేటప్పుడు అది జాగ్రత్త పడుతుంది. సింగపూర్ మరో దారి పట్టింది. ఒక వ్యక్తి మోసగాడికి డబ్బు పంపబోతున్నాడని పోలీసులకు గట్టి నమ్మకం కలిగితే, ఆ వ్యక్తి వినకపోయినా అతని ఖాతా లావాదేవీలను తాత్కాలికంగా ఆపించే చట్టం 2025 జులై నుంచి అక్కడ అమలులో ఉంది. మన సుప్రీంకోర్టు 2025 డిసెంబరు 1న ఈ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, మ్యూల్ ఖాతాలు తెరవడంలో బ్యాంకర్ల పాత్రను కూడా పరిశీలించమంది. మంచి అడుగే, కానీ దర్యాప్తు డబ్బు పోయాక మొదలయ్యేది.

డబ్బు పోకముందు ఏం చేయవచ్చో హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 2024 నవంబరులో ఒక వైద్యుడు డిపాజిట్లు రద్దు చేసి రూ.13 లక్షలు పంపడానికి బ్యాంకుకు వచ్చారు. ఎందుకని అడిగితే పొంతన లేని సమాధానాలు చెప్పారు. సిబ్బందికి అనుమానం వచ్చి జాప్యం చేశారు, ఇంట్లోవారిని వెంటబెట్టుకొని రమ్మన్నారు, చివరికి సైబర్ నేరాల ఫిర్యాదులు తీసుకునే 1930 హెల్ప్‌లైన్‌తో మాట్లాడించారు. డబ్బు నిలిచింది. అదొక శాఖలో, ఒక ఉద్యోగి మనసు పెట్టి చేసిన పని. అది నియమం కావాలి. అరవై ఏళ్లు దాటినవారి పెద్ద డిపాజిట్ గడువుకు ముందే రద్దయి, ఆ సొమ్ము మునుపెన్నడూ పంపని ఖాతాకు వెళ్లబోతుంటే, కౌంటరులోనైనా యాప్‌లోనైనా, ఒక్క రోజు ఆగాలి. ఆ రోజులో ఖాతాదారు ముందే ఎంచుకున్న ఒక మనిషికి బ్యాంకు ఫోన్ చేయాలి. పెద్దల స్వేచ్ఛకు ఇది భంగమన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, ఆస్తి కోసం తల్లిదండ్రులను వేధించే పిల్లలూ ఉన్నారు. కనుక ఆ మనిషికి కబురు అందాలి తప్ప ఆపే అధికారం ఉండకూడదు. కొడుకో కూతురో కానక్కర లేదు, స్నేహితుడైనా పొరుగింటి ఆవిడైనా చాలు. ఆసుపత్రి బిల్లు నేరుగా చెల్లించేవారికి ఈ ఆలస్యం వర్తించకూడదు.

డిపాజిట్ ఫారంలో నామినీ పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఖాతాదారు చనిపోయాక డబ్బు ఎవరికి చేరాలో బ్యాంకు అక్కడ రాయించుకుంటుంది. బతికుండగా ఆ డబ్బు ఒక్కసారిగా కదిలితే ముందు ఎవరికి చెప్పాలో రాయించుకునే గడి దాని కిందనే ఉండాలి.