వడ్డించేవాడు మనవాడు కాకపోతే

వెనెజులాలో పెళ్ళి విందుకు వెళ్ళేవారు ముందుగా ఆరా తీయవలసినది వధూవరుల వివరాలు కావు, వంటగది తలుపు ఏ వైపున ఉన్నదన్న సంగతి. టెకెన్యోల పళ్ళెం బయటికి వచ్చేది ఆ తలుపులోంచే. తెల్ల చీజ్‌ను వేలెడంత ముక్కలుగా కోసి, వాటి చుట్టూ మైదాపిండి పట్టీని మెలికలు తిప్పుతూ చుట్టి, కొసలు రెండూ గట్టిగా నొక్కి మూసి, నూనెలో దోరగా వేయించే ఈ చిరుతిండి లేనిదే అక్కడ వేడుక జరిగినట్టే కాదు. కరాకస్‌కు చేరువలో, మిరాండా రాష్ట్ర రాజధాని అయిన లోస్ టెకెస్ పేరు మీదుగానే దీనికి ఈ పేరు వచ్చిందంటారు.

పెళ్ళికొడుకు మేనమామ వంటి పెద్దమనిషికి మర్యాద కొద్దీ వేదిక పక్కనే మొదటి బల్ల ఇస్తారు. ఆయన కష్టాలకు అదే మొదలు. వడ్డించే కుర్రవాడు తలుపు దాటి నాలుగడుగులు వేయకముందే, అంతవరకు లోకాభిరామాయణంలో మునిగి ఉన్నట్టు కనిపించిన జనమంతా అతణ్ణి చుట్టుముట్టి, ఒకటి నోట్లో, ఒకటి చేతిలో, మరి రెండు ‘పిల్లల కోసం’ కాగితపు రుమాలులో సర్దుకుంటారు. పళ్ళెం మేనమామను చేరేసరికి అందులో మిగిలేవి అవకాడోతో చేసిన గ్వాసకాకా అనే పచ్చడి గిన్నె, నాలుగు పిండి పెచ్చులు మాత్రమే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. కానివాడైనప్పుడు మొదటి బంతి వల్ల ఒరిగేదేమిటో ఎవరూ చెప్పలేదు.

మూడో పళ్ళెం కూడా దారిలోనే ఖాళీ కావడంతో మేనమామ పెద్దరికాన్ని కుర్చీలోనే వదిలి, చేతులు కడుక్కునే నెపంతో తలుపు దగ్గరికి చేరి, అప్పుడే నూనెలోంచి తీసిన టెకెన్యోను దక్కించుకున్నాడు. పైపిండి చల్లారినా లోపలి చీజ్ చల్లారదన్న సంగతి కొరికాక గాని తెలియలేదు. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి అమ్మమ్మ ఎదురై, అక్కడి ఆచారం ప్రకారం ముద్దు కోసం చెంప చాచింది. మింగలేక, కక్కలేక ఆయన కళ్ళనీళ్ళతో నిలబడిపోగా, పెదవి నుంచి టై దాకా చీజ్ తీగ సాగింది.

ఆవిడ కంగారు పడలేదు. టై తుడవడానికని చేతిసంచీలోంచి కాగితపు రుమాలు పొట్లం తీసి, అందులోని చల్లారిన టెకెన్యోలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి మరో రుమాలులోకి మార్చి, సంచీ జిప్పు బిగించాక, ఖాళీ రుమాలును ఎంతో ఆదరంగా ఆయన చేతికిచ్చింది.