డ్రిప్పు నేర్పారు, లెక్క నేర్పలేదు

ప్రపంచంలో ఆలివ్ నూనె ఎక్కువగా తీసేది స్పెయిన్. అక్కడ 2021-22లో 15 లక్షల టన్నుల దాకా వచ్చిన నూనె, కరువు దెబ్బకు మరుసటి ఏడాదే 7 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడల్లా వినిపించే మందు ఒక్కటే: రైతులకు శిక్షణ ఇవ్వాలి. ఎండను తట్టుకునే రకాలు, చెట్ల వరుసల మధ్య పచ్చిరొట్ట, దున్నకుండా సేద్యం, డ్రిప్పు. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. గొడవంతా డ్రిప్పుతోనే.

ఎకరానికి నీళ్లు తగ్గుతాయి, నిజమే. మిగిలిన నీళ్లను రైతు ఏం చేస్తాడు? ఇంకో రెండెకరాలకు పైపులు లాగుతాడు. నేనైనా అదే చేస్తాను. పైగా కాలువ పారకంలో ‘వృథా’ అయిన నీరు కొంత భూమిలోకి ఇంకేది. ఇప్పుడు అదీ లేదు. స్పెయిన్ నడిబొడ్డున ఉన్న లా మంచా ప్రాంతంలో ఒకప్పుడు వాన మీదే బతికిన ద్రాక్షకు బోర్లు, డ్రిప్పు వచ్చాయి. ఆ ప్రాంతంలోని తబ్లాస్ దె దైమియెల్ అనే చిత్తడి నేల అడుగున 2009లో మంటలు రేగాయి. భూగర్భజలం పడిపోయి, నీళ్లలో నానాల్సిన పీటు నేల (కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన, ఎండితే అంటుకునే నేల) ఎండి, లోలోపలే కాలింది.

డ్రిప్పుతో దిగుబడి, ఆదాయం పెరిగిన మాట కాదనను. బావి ఎండితే ఆ ఆదాయం ఎన్నేళ్లు నిలుస్తుందన్నదే ప్రశ్న.

అదే స్పెయిన్‌లో వలెన్సియా చర్చి గుమ్మం దగ్గర ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు ఎనిమిది మంది నల్ల చొక్కాల్లో గుండ్రంగా కూర్చుంటారు. ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న మనుషులు వీళ్లు. వంతు తప్పి నీళ్లు మళ్లించారని ఫిర్యాదు వస్తే నోటిమాటగానే విచారించి, అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. వకీలు లేడు, వాయిదా లేదు. శతాబ్దాలుగా నడుస్తున్న ఈ నీటి పంచాయితీకి 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లకు తెలిసింది డ్రిప్పు కాదు, వంతు.

ఈ పాఠం మనకు కొత్తది కాదు. 2000ల దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్‌తో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్లలోకి టేపు దింపి మట్టం కొలిచారు, వాన లెక్క రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎన్నెకరాలు పెడితే సరిపోతాయి అని లెక్క వేసుకున్నారు. వరి మానమని ఎవరూ హుకుం వెయ్యలేదు. లెక్క చూసి చాలామంది వాళ్లంతట వాళ్లే తగ్గించుకున్నారు. నా దృష్టిలో శిక్షణంటే అదీ!

మరి ప్రభుత్వాలు చేసిందేంటి? 2004లో ఉచిత కరెంటు ఇచ్చాయి, తర్వాత డ్రిప్పుకు సబ్సిడీ పెంచుకుంటూ పోయాయి. మోటారుకు మీటరు అనగానే ఏ పార్టీకైనా టెన్షనే. సరే, ఆ మీటరు జోలికి పోవద్దు. సబ్సిడీ పైపులతో పాటు ఊరికో టేపు, ఒక వానమాపకం ఇచ్చి, ఏటా రబీకి ముందు ఆ లెక్కను పంచాయతీ గోడ మీద రాయించడానికి అడ్డేమిటి?